నికోడెమస్: రైలు రాని ఊరి కట్టడాలు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో సోలొమన్ నది తీరాన ఉన్న నికోడెమస్‌ను 1877లో బానిసత్వ విముక్తులైన కెంటకీ నల్లజాతి కుటుంబాలు స్థాపించాయి. ప్రచార పత్రాలు సారవంతమని వర్ణించిన ఆ మైదానంలో ఇంటికి కలప సైతం దొరకలేదు. నేలను తవ్వి, ఆ గుంతల్లోనే తొలి చలికాలం గడిపారు. పదేళ్లు తిరగకముందే దుకాణాలు, హోటళ్లు, రెండు వారపత్రికలు వెలిశాయి. 1888లో రైలుమార్గం నదికి దక్షిణంగా, ఊరిని తాకకుండా సాగిపోయింది. వర్తకులు అక్కడ వెలిసిన బోగ్‌కు తరలిపోయారు, కొందరు కట్టడాలతో సహా.

నికోడెమస్ చరిత్రను ఇక్కడితో ముగించడం పరిపాటి. అక్కడి కట్టడాలు ఇందుకు అంగీకరించవు. 1996లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందిన ఈ ఊరిలో ఐదు పాత కట్టడాలు నిలిచి ఉన్నాయి. సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, 1885 నాటి మెథడిస్టు చర్చి భవనం రైలుకు ముందువి. బాప్టిస్టు చర్చి (1907), పాఠశాల (1918), టౌన్‌షిప్ హాలు (1939) తరువాతివి. అంటే వ్యాపారం వెళ్లిపోయాక లేచినవన్నీ ఉమ్మడి అవసరాలకు కట్టినవే. వీటిలో హాలు ప్రత్యేకంగా గమనించదగినది: ఆర్థిక మాంద్యం, ధూళి తుపానులు జనాన్ని ఊరు విడిపిస్తున్న దశకంలో, ప్రభుత్వ ఉపాధి పథకం కింద, స్థానిక సున్నపురాతితో దానిని నిర్మించారు.