తూటాకు పూసిన కందెన

సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన పాతకాలపు తుపాకిమందు నిప్పంటుకోగానే పొగై పోతుందనిపిస్తుంది. నిజానికి అందులో సగానికి పైగా వాయువుగా మారనే మారదు. 1870లలో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గట్టి ఉక్కుపాత్రల్లో మందును బంధించి కాల్చి, మిగిలినదాన్ని తూచి చూశారు. బరువులో నూటికి 55 పాళ్లకు పైగా ఘనపదార్థంగానే తేలింది. మన కంటికి తెల్లటి పొగగా కనిపించేది చాలావరకు ఆ ధూళే. బయటికి పోగా మిగిలింది గొట్టం లోపలి గోడలకు మష్టులా పడుతుంది. ఆ మష్టులో ముఖ్యమైనది పొటాషియం కార్బొనేట్, అంటే కట్టెల బూడిదలో ఉండే క్షారమే. గాలిలో తేమ ఉన్నప్పుడు నీరు పీల్చుకుని బురదలా మెత్తబడుతుంది. వడగాలికి ఎండితే పెచ్చు కడుతుంది. కొన్నిసార్లు కాల్చేసరికి తరవాతి గుండు ఆ పెచ్చుల మీదుగా పోవాల్సి వస్తుంది. గురి చెడుతుంది, సీసం గీసుకుపోయి గొట్టానికి అంటుకుంటుంది. దీనికి విరుగుడుగా పుట్టిందే తూటా కందెన. బండి ఇరుసుకు పెట్టే కందెనకు రాపిడి తగ్గించడమే పని. దీనికి ఇంకో పని కూడా ఉంది. మష్టును ఎండనివ్వకుండా మెత్తగా ఉంచాలి, వెనక వచ్చే గుండు దాన్ని తుడుచుకుపోయేలా చూడాలి. ఇలాంటి కందెన ఒకటి కావాలన్నది మందు స్వభావం వల్ల వచ్చిన అవసరం, దానిలో వాదానికి తావు లేదు. కాని అందులో ఏ జంతువు కొవ్వు ఉండాలి, అసలు జంతువు కొవ్వే ఉండాలా అన్నది మనుషులు నిర్ణయించుకున్న సంగతి. 1857లో మన దేశాన్ని కుదిపిన తూటాల గొడవను ఈ తేడా గుర్తు పెట్టుకుని చూడాలన్నది నా వాదన.

నున్నటి గొట్టం ఉన్న మస్కెట్లకు ఈ కందెనతో పని పడలేదు. గొట్టం కంటే గుండు కాస్త చిన్నది, మష్టు పట్టినా జారి లోపలికి పోయేది. గురి ఎలాగూ అంతంత మాత్రమే. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు తీసి, గుండును తిప్పుతూ పంపే రైఫిల్ వచ్చాకనే చిక్కు మొదలైంది. గాడులను పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి, బిగుతుగా ఉంటే మష్టు దాన్ని లోపలికి దిగనివ్వదు. అమెరికా అడవుల్లో వేటగాళ్లు గుడ్డముక్కకు జంతువుల కొవ్వు రాసి, దానిలో గుండును చుట్టి దిగ్గొట్టేవారు. 1800 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన బేకర్ రైఫిల్‌కు జిడ్డు పట్టించిన తోలుముక్క వాడారు. వేటగాళ్లలో చాలామంది ఎవరి కందెన వాళ్లే కలుపుకునేవారు కాబట్టి అందులో ఏముందో వాళ్లకు తెలుసు. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది. వదులుగా దిగి, పేలినప్పుడు మాత్రం విప్పారి గాడులను పట్టుకునే గుండు ఉంటే బాగుంటుందన్న ఆలోచన తరవాత వచ్చింది. 1823లో అలాంటి గుండును రూపొందించిన కెప్టెన్ జాన్ నార్టన్‌కు ఆ ఊహ దక్షిణ భారతంలో దొరికిందని చెబుతారు. ఇక్కడివాళ్లు ఊదుడు గొట్టంతో వేసే బాణాల మొదట్లో మెత్తటి బెండు ఉండడం, ఊదగానే అది ఉబ్బి గొట్టాన్ని మూసేయడం ఆయన గమనించాడట. 1849లో ఫ్రాన్సులో మినియే ఆ ఆలోచనను సైన్యానికి పనికొచ్చే రూపానికి తెచ్చాడు. గుండు చుట్టూ గాళ్లు తీసే పద్ధతి టమిసియే అనే మరో ఫ్రెంచి అధికారిది. పోనుపోను ఆ గాళ్లే కందెన నింపుకునే చోటయ్యాయి.

బ్రిటన్ 1853లో ఎంచుకున్న ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ వరసలోదే. దాని తూటా తీరు తెలియకపోతే తరవాతి కథ అర్థం కాదు. అది కాగితపు గొట్టం. ఒక కొసన మందు, ఇంకో కొసన గుండు. గుండు ఉన్న కొసనే కరిగిన కొవ్వులో, మైనంలో ముంచుతారు. సిపాయి మందు ఉన్న కొసను పళ్లతో చించి, మందు గొట్టంలో పోసి, తూటాను తిరగేసి, జిడ్డు పూసిన కాగితంతో సహా గుండును లోపలికి తోసి, పైన మిగిలిన కాగితాన్ని చించి పారేస్తాడు. పళ్లకు తగిలేది జిడ్డు లేని కొసే కదా, మరి అభ్యంతరం ఏమిటని కొందరు చరిత్ర చదివినవాళ్లే అడుగుతారు. బొమ్మ గీసి చూస్తే వాళ్ల మాట నిజమే. కాని ఎండలో నిలవ ఉన్న తూటాల కట్టలో కరిగిన కొవ్వు గీత గీసినట్టు ఒక కొసనే ఆగదు. ముట్టుకున్న వేళ్లతోనే తరవాతి తూటాను పట్టుకోవాలి. పైగా ఎంగిలి, మైల అన్నవి నాలుక దగ్గరే మొదలవ్వవు, చేతి దగ్గరే మొదలవుతాయి. ఏ తెలుగింటి వంటగదిలో చూసినా ఈ సంగతి తెలుస్తుంది.

కొత్త తూటాలను వాతావరణానికి తట్టుకుంటాయో లేదో చూడడానికి 1853లోనే ఇంగ్లండు నుంచి భారతదేశానికి పంపారు. ఆ ఏడాది డిసెంబరులో బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కల్నల్ టకర్ ఒక హెచ్చరిక రాశాడు. కులాచారానికి అడ్డొచ్చే వస్తువేదీ ఈ జిడ్డులో లేదని రూఢి అయ్యేదాకా వీటిని దేశీయ పటాలాలకు ఇవ్వవద్దని దాని సారాంశం. అది కాగితాల్లోనే ఉండిపోయింది. ముందే ఎవరు ఊహించగలరు అనే సమర్థనకు ఈ ఒక్క ఉత్తరం చాలు జవాబుగా. దానికి 47 ఏళ్ల ముందు, 1806 జులై 10న, వెల్లూరులో మద్రాసు సిపాయిలు తిరగబడ్డారు. కొత్త టోపీలోని తోలు తునక దానికి ఒక కారణం. ఆ అనుభవం కూడా ఈస్టిండియా కంపెనీకి ఉంది. అయినా కలకత్తా కార్ఖానాలో తూటాల జిడ్డుకు కొవ్వును గుత్తేదారే సరఫరా చేశాడు. అందులో ఆవు కొవ్వు కలవకుండా ప్రత్యేకంగా ఏ జాగ్రత్తా తీసుకున్నట్టు లేదని 1857 జనవరి చివర ఆయుధశాలల పర్యవేక్షకుడు అబ్బాటే ఒప్పుకున్నాడు. కుట్ర ఉందనడానికి ఆధారం లేదు. ఏ కొవ్వయితేనేం అనుకున్న నిర్లక్ష్యం మాత్రం కళ్లకు కడుతుంది. నా దృష్టిలో అది కుట్ర కంటే చిన్న తప్పేమీ కాదు, ఎందుకంటే హెచ్చరిక అందిన తరవాత జరిగింది.

ఆ జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జరిగినదానిలో ఒక భాగం అందరికీ తెలిసిందే. ఒక ఖలాసీ నీళ్ల కోసం లోటా అడగడం, సిపాయి కులం పేరు చెప్పి కాదనడం, ఆవు కొవ్వూ పంది కొవ్వూ కొరికే నీకు ఇంకా కులమెక్కడిదని అతను ఎత్తిపొడవడం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆ వెంటనే జరిగింది మాత్రం అంతగా చెప్పరు. అక్కడి శిక్షణ కేంద్రాధికారి మేజర్ బాంటీన్ సిపాయిలను బారు తీర్చి ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడిగాడు. మూడింట రెండు వంతుల మంది, దేశీయ అధికార్లందరితో సహా, ముందుకొచ్చి మర్యాదగానే చెప్పుకున్నారు. కొవ్వు వద్దన్నారు, దాని బదులు మైనం, నూనె తగుపాళ్లలో కలిపి వాడుకోనివ్వమన్నారు. అంటే వాళ్లు రైఫిల్‌ను కాదనలేదు. కందెన అక్కర్లేదనీ అనలేదు. మందు స్వభావం తెలిసిన వృత్తి సైనికులుగా, అవసరాన్ని ఒప్పుకుని వేరే పాకం సూచించారు. జనవరి 27న ప్రభుత్వం దిగివచ్చి, జిడ్డు లేని తూటాలిస్తాం, బజారులో కొనుక్కుని మీకు నచ్చిందే రాసుకోండి అంది. వేటగాడికి మొదటినుంచీ ఉన్న హక్కు సిపాయికి అప్పటికి దక్కింది. అప్పటికే ఆలస్యమైంది. కాగితమే నిగనిగలాడుతోందని, నిప్పంటిస్తే చిటపటలాడుతోందని, అందులోనే కొవ్వుందని అనుమానం మళ్లింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది అశ్వికుల్లో 85 మంది తాకనన్నవి జిడ్డు పూయని పాతరకం తూటాలే.

ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటుంది. కొవ్వు తూటాలు సిపాయిల చేతికి దాదాపు అందనే లేదు, అవధ్ విలీనం, సముద్రం దాటి వెళ్లాలన్న షరతు అసలు కారణాలు, కొవ్వు ఒక సాకు మాత్రమే అంటారు. తిరగబడ్డవాళ్లు తరవాత అవే తూటాలు వాడారు కదా అని కూడా అంటారు. 1857కు కారణాలు అనేకమన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కాని అందువల్ల కందెన ప్రశ్నను కొట్టిపారేయలేం. తన ఇష్టంతో ముట్టుకున్నదానికీ, శిక్ష భయంతో ముట్టుకోవలసి వచ్చినదానికీ మైల ఒకటి కాదు. ఇక అనుమానం నిరాధారమన్నది పూర్తిగా నిజం కాదు, ఎందుకంటే కార్ఖానా కొవ్వులో ఏముందో అధికార్లే చెప్పలేకపోయారు. ఏముందో చెప్పలేనివాడు ఏమీ లేదని ఒట్టేస్తే నమ్మడం కష్టం.

సాంకేతికమైన అభ్యంతరం ఇంకా ఆసక్తికరమైనది. మష్టును మెత్తపరచడానికి కొవ్వును మించింది లేదు, వేడిదేశంలో నెయ్యి, నూనె నిలవవు, అందుకే కొవ్వు తప్పలేదు అనేది ఆ వాదం. నెయ్యి ఒక్కటే అయితే ఉత్తరాది ఎండకు కరిగిపోతుంది, నిజమే. తేనెమైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి. నూనెలో మైనం పాలు పెంచినకొద్దీ పాకం గట్టిపడుతుంది, ఎండకు తగినట్టు సరిచూసుకోవచ్చు. తడబడింది నిజానికి కొవ్వే. మొదట్లో బ్రిటిష్ పాకంలో కొవ్వు ఎక్కువ, మైనం తక్కువ ఉండేది. భారతదేశపు ఎండకు అది కారిపోయి కాగితం పొడిబారేది, కొవ్వులోని ఆమ్లాలు సీసాన్ని తినేవి. సంగ్రామం ముగిసేసరికి పాళ్లు తలకిందులయ్యాయి, 5 పాళ్లు మైనానికి ఒక పాలు కొవ్వు. గుండును కూడా సన్నం చేయాల్సి వచ్చింది. 1866లో వచ్చిన స్నైడర్ రైఫిల్ గుండు గాళ్లలో నింపింది తేనెమైనం. 1871 నాటి మార్టిని హెన్రీ తూటాలో మందుకూ గుండుకూ మధ్య పెట్టింది అట్టముక్కల నడుమ తేనెమైనం బిళ్ల. బ్రిటిష్ సామ్రాజ్యమంతటా తిరిగిన ఆయుధాలివి. 1857 జనవరిలో డమ్‌డమ్ బారులో నిలబడ్డవాళ్లు అడిగిన దారికే, దాదాపు 14 ఏళ్లలో, ఇంగ్లండు కార్ఖానాలు తమంతట తామే వచ్చాయి.

ఆ తరవాత ఈ కందెన ఎక్కువ కాలం నిలవలేదు. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండు, అమెరికా జట్లు 800 నుంచి 1000 గజాల దూరాలకు పోటీపడి, అమెరికా 934-931తో గెలిచినప్పుడు ఈ పాత తుపాకిమందే రాజు. 1880ల మధ్యలో ఫ్రాన్సులో పొగలేని మందు పుట్టింది. మష్టు బాధ తగ్గింది, సీసానికి రాగి తొడుగు వచ్చింది, మైనపు కందెనకు సైన్యంలో చోటు పోయింది. పాత రైఫిళ్ల మీద మోజున్న అమెరికన్లు దాన్ని బతికించారు. పాత తుపాకిమందు తూటాలతో లోహపు జంతుబొమ్మలను పడగొట్టే పోటీలు 1985 నుంచి న్యూమెక్సికోలోని రటోన్ దగ్గర జరుగుతున్నాయి. ఒక్కో గుండు పేలాక గొట్టంలోకి ఓపిగ్గా ఊపిరి ఊది, ఆ చెమ్మతో మష్టును మెత్తబరిచేవాళ్లు వాళ్లలో ఉన్నారు. పెట్రోలియం గ్రీజు వాడితే మష్టు తారులా గట్టిపడుతుందని అనుభవం మీద తెలుసుకుని, కందెనను మళ్లీ ఇంట్లోనే కలుపుకుంటున్నారు. కొందరు గొర్రె ఉన్ని జిడ్డు, ఆలివ్ నూనె కలుపుతారు, కొందరు కొవ్వే వాడతారు. బాగా ప్రచారంలో ఉన్న ఒక పాకంలో సగం తేనెమైనం, 40 పాళ్లు మన వనస్పతి లాంటి గడ్డనూనె, 10 పాళ్లు వంటనూనె. జంతువుల కొవ్వు చుక్క లేదు. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి దాన్ని కరిగించి, పళ్లెంలో నిలబెట్టిన గుండ్ల చుట్టూ గాళ్లు మునిగేదాకా పోస్తారు. చల్లారాక ఒక్కో గుండునూ ఊడదీసి తూటాలో అమరుస్తారు. కాల్చాక గొట్టం మూతి చుట్టూ సన్నటి జిడ్డు నక్షత్రంలా చిమ్మి కనిపిస్తే, పాకం కుదిరిందని వాళ్ల లెక్క.