సేఠ్‌లు సంతకం చేసిన కాగితం

బొంబాయి కాల్బాదేవిలో మా బ్యాంకు శాఖకు రోజూ వచ్చే బట్టల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. గుజరాతీ, వైష్ణవుడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు డ్రాఫ్టు ఫారం పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. "మా గురువులు మీవాళ్ళే సాబ్, తైలంగులు" అన్నాడు. నేను బీకాం చదివినవాణ్ణి. చరిత్ర నాకు హైస్కూలుతోనే ఆగిపోయింది. ఆయన మాట పట్టుకుని పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను.

ఆయన చెప్పింది నిజమే. పుష్టిమార్గ స్థాపకులు వల్లభాచార్యులు (1479-1531) వెలనాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. కృష్ణదేవరాయల సభలో ఆయనకు కనకాభిషేకం జరిగిందని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. ఆయన కుమారుడు విఠ్ఠలనాథులు. విఠ్ఠలనాథుల ఏడుగురు కొడుకుల నుంచి ఏడు పీఠాలు ఏర్పడ్డాయి. ఆ వంశంలోని వారిని గుజరాతీ వర్తకులు మహారాజులని పిలిచేవారు. ఈ పత్రిక చదివే మనమంతా ఎప్పుడో ఊరు వదిలిన కుటుంబాల వాళ్ళమే కదా. అలా వదిలిన ఒక తెలుగు కుటుంబం మరో భాష మాట్లాడే ఇంతమందికి గురుపీఠమైందని గర్వంగానే చదువుతూ పోయాను. 1862 దగ్గర ఆ గర్వం ఆగింది.

ఈ మార్గంలో దీక్షను బ్రహ్మసంబంధం అంటారు. శరీరం, మనసు, ధనం – తన్, మన్, ధన్ – అన్నీ శ్రీకృష్ణుడికి సమర్పించడం దాని సారం. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మన భక్తి సంప్రదాయాలన్నీ ఈ మాటే అంటాయి. మెలికంతా తర్వాతి కాలంలో పడింది. దీక్ష ఇచ్చే అధికారం ఒక్క వంశానికే ఉంది. ఆ వంశంలో పుట్టినవాడు పుట్టుకతోనే గురువు. దేవుడికి, భక్తుడికి మధ్య నిలబడినవాడే దేవుడి రూపమయ్యాక, దేవుడికని ఇచ్చింది మధ్యలోనే ఆగిపోవడానికి ఎంతసేపు? ధనం ఆగింది. కొందరు మహారాజుల దగ్గర తన్ కూడా ఆగింది. భక్తుల ఇళ్ళ ఆడవాళ్ళు సేవ పేరుతో ఏమయ్యారన్నదే చివరికి కోర్టు ముందుకు వచ్చింది.

ధనం ఎలా వెళ్ళేదో నాకు బాగా అర్థమైంది, నా వృత్తి అదే కనుక. సరుకుల వ్యాపారం మీద లావాదేవీకి ఇంత అని గుడికి చెల్లించేవారు. దాన్ని లాగో అనేవారు. పెద్ద మొత్తం ఒకేసారి అడిగితే వర్తకుడు పది రోజులు ఆలోచిస్తాడు. బేరానికి కాసింత చొప్పున పోతుంటే చిట్టాలో అదీ ఒక ఖర్చు, హమాలీ కూలిలాగా.

1859 ప్రాంతంలో ఒక పత్రం తయారైంది. మహారాజులను కోర్టుకు రమ్మంటే వారి మర్యాదకు భంగమని మొదలైన గొడవ అది. వారిని కోర్టుకు ఈడ్వకూడదు. ఎవరైనా ఈడిస్తే ఖర్చు వైష్ణవులంతా భరించాలి. వారికి విరుద్ధంగా రాసినవాణ్ణి కులం నుంచి వెలివేయాలి. పత్రంలోని విషయం ఇదీ. సేఠ్‌లు మొదట వెనకాడారు. అప్పుడు గుడి తలుపులు మూసేశారు. దర్శనం కాకుండా మెతుకు ముట్టని వాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉండేవారు, ముఖ్యంగా ముసలివాళ్ళు. తల్లి పస్తుంటే కొడుకు ఎన్నాళ్ళు వాదిస్తాడు? సంతకాలు పడ్డాయి. కర్సన్‌దాస్ మూల్జీ అనే యువకుడు తన పత్రికలో దానికి గులామీ ఖత్, అంటే బానిస పత్రం అని పేరు పెట్టాడు.

ముప్ఫై ఏళ్ళుగా జామీను పత్రాలు చదువుతున్నవాణ్ణి. ఈ కాగితంలో భక్తుల బాధ్యతలే కనబడ్డాయి కాని, గురువుల వైపు ఒక్కటీ కనబడలేదు. సంతకం పెట్టినవాళ్ళేమీ అమాయకులు కారు. గజం బట్టకు అణా తేడా వస్తే ఊరుకోని మనుషులు. తెలివి తక్కువై లోబడలేదు వాళ్ళు. ఆకలి, కులం, పెళ్ళి సంబంధాలు, వ్యాపారం, అన్ని తాళాల చెవులూ ఒకే చోట ఉన్నాయి.

ఇది చదువుతున్నప్పుడే మా పిన్ని గుర్తుకొచ్చింది. కొన్నేళ్ళ కిందట ఒక ఆశ్రమం వాళ్ళు ఆమెను వెంటబెట్టుకుని మా శాఖకు వచ్చారు. బాబాయి పోయాక వచ్చిన డబ్బంతా ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంది, గడువుకు ముందే తీసేయాలన్నారు. "ఎందుకు పిన్నీ?" అని అడిగితే పక్కనున్నాయన జవాబు చెప్పాడు. "ఇల్లు ఎవరు చూస్తున్నారు?" అంటే అదీ ఆయనే చెప్పాడు. సంతకం సరిపోయింది. నేనే పాస్ చేశాను.

కర్సన్‌దాస్ సంగతికి వస్తాను. 1832లో పుట్టాడు, కపోల్ వర్తక కులం, పుట్టు వైష్ణవుడే. వితంతు వివాహం మీద రాసిన వ్యాసం ఇంట్లో దొరికినందుకు పెంచిన ఇల్లే పొమ్మంది. 1855లో సత్యప్రకాశ్ పత్రిక పెట్టాడు. 1860లో సూరత్ నుంచి జదునాథ్‌జీ మహారాజ్ బొంబాయి వచ్చారు. వితంతు వివాహం మీద కవి నర్మద్‌తో ఆయనకు బహిరంగ వాదం జరిగింది. ఆ ఏడు అక్టోబరు 21న కర్సన్‌దాస్ మహారాజుల నడవడిని ఎండగడుతూ, జదునాథ్‌జీ పేరు పెట్టి మరీ రాశాడు. 1861 మే నెలలో మహారాజ్ యాభై వేల రూపాయలకు పరువునష్టం దావా వేశారు. ముద్దాయిలు ఇద్దరు, కర్సన్‌దాస్, పత్రిక అచ్చువేసిన నానాభాయ్ రుస్తంజీ రాణీనా అనే పార్సీ.

అసలు కేసు కన్నా దానికి ముందు జరిగింది నాకు ముఖ్యంగా తోస్తుంది. భాటియా కులపెద్దలు సభ చేసి, మహారాజ్‌కు వ్యతిరేకంగా ఎవరూ సాక్ష్యం చెప్పకూడదని, చెబితే వెలి అని కట్టడి చేశారు. కర్సన్‌దాస్ ఊరుకోలేదు. సాక్షులను ఆపడానికి జరిగిన కుట్ర అని వాళ్ళమీద ఫిర్యాదు పెట్టి నెగ్గాడు. పెద్దలిద్దరికి వెయ్యేసి, మిగతావాళ్ళకు ఐదేసి వందలు జరిమానా పడింది. కట్టు మొదట అక్కడ తెగింది. మాట్లాడితే తమకేమవుతుందో అని బెదిరినవాళ్ళకు, మాట్లాడవద్దన్నవాడికీ ఏదో ఒకటి అవుతుందని అప్పుడు తెలిసింది.

1862 జనవరిలో బొంబాయి సుప్రీంకోర్టులో విచారణ మొదలైంది. హైకోర్టు ఇంకా రాలేదు. అటు 31 మంది, ఇటు 33 మంది సాక్షులు. డాక్టర్ భావూ దాజీ బోనెక్కి మహారాజ్‌కు తాను చేసిన సుఖరోగ వైద్యం గురించి చెప్పాడు. నన్ను ఎక్కువగా కదిలించినవాళ్ళు లఖ్మీదాస్ ఖీమ్‌జీ, మథురాదాస్ లవ్‌జీ. ఇద్దరూ భాటియాలే. ఆ కులంలోనే బతకాలి, ఆ వీధిలోనే దుకాణం తెరవాలి. అయినా వచ్చి చూసింది చూసినట్లు చెప్పారు. బయటివాడు వెయ్యి చెప్పినా ఆ తలుపు తెరుచుకునేది కాదని నా అభిప్రాయం.

ఏప్రిల్ 22న తీర్పు వచ్చింది. రాసిన ఆరోపణలు నిజమని రుజువైనట్లు కోర్టు తేల్చింది. నీతికి విరుద్ధమైనది మతం పేరుతో ఒప్పు కాజాలదన్నది ఈ కేసులో అసలు సూత్రమని జస్టిస్ ఆర్నోల్డ్ అన్నాడు. కర్సన్‌దాస్‌కు ఖర్చుల కింద ఇప్పించింది 11,500 రూపాయలు, అయింది అంతకన్నా ఎక్కువ. లెక్కలు రాసేవాణ్ణి కనుక ఆ తేడా మీద నా కన్ను పడింది. తర్వాత ఇంగ్లండు వెళ్ళి వచ్చినందుకు కులం అతన్ని వెలివేసింది. 1871లో, నలభై నిండకుండానే పోయాడు.

ఇందులో నాకు నచ్చనిదీ ఒకటుంది. అసలు హిందూ మతం ఏది, నకిలీ ఏది అని ఇంగ్లీషు జడ్జీల ముందు, క్రైస్తవ మిషనరీ డాక్టర్ విల్సన్‌ను సాక్షిగా పిలిచి తేల్చుకోవాలా? పాతది శుద్ధం, కొత్తది పాషండం అన్న కర్సన్‌దాస్ వాదన కూడా నాకు పూర్తిగా ఎక్కదు. ఆ తీర్పుతో సంప్రదాయం అంతరించలేదు, అంతరించాల్సిన పనీ లేదు. మా బట్టల వ్యాపారి భక్తిలో నాకే లోపమూ కనబడలేదు. ఆయన హవేలీకి వెళ్తాడు, ఇంటికి వస్తాడు, ఇవ్వదలచింది తన చేత్తో ఇస్తాడు. ఈ కేసు మాత్రం ఇంకా కొందరికి పచ్చిగానే ఉంది. దీనిమీద తీసిన హిందీ సినిమా 2024 జూన్‌లో గుజరాత్ హైకోర్టులో ఆగి, న్యాయమూర్తి స్వయంగా చూశాకనే విడుదలైంది.

పిన్నిని ఆ రోజు నా క్యాబిన్‌లోకి ఒక్కదాన్నే పిలిచి, తలుపు దగ్గరకు వేసి, ఇంకోసారి అడిగి ఉండవలసింది. ఏ రూలూ అడ్డం రాదు. కౌంటరు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు, అంతే. రెండేళ్ళ తర్వాత ఎవరి ఫోనులోంచో మాట్లాడింది. "ఒరేయ్, టికెట్టుకు డబ్బు పంపుతావా?" అంది. వెళ్ళి తీసుకొచ్చాను. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పదు, మేము అడగము.

ఈ వ్యాసం రాశాక ఆమెకు చదివి వినిపించాను. కోర్టు గొడవంతా ఊకొడుతూ వింది. చివర ఒక్కటే అడిగింది. "ఆ గుడి తలుపులు మళ్ళీ ఎప్పుడు తీశార్రా?"

"సంతకాలు పడ్డాక."

"అంతేలే" అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.