మిర్చి చేలో డ్రోన్: రిమోట్ పట్టినవాడికి ఏం బాధ్యత?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చికి, పత్తికి మందు కొట్టడానికి కూలీలు దొరకని రోజుల్లో డ్రోన్ బాగా అక్కరకొస్తోంది. ఎకరాకు ఇంత అని మాట్లాడుకుంటే నిమిషాల్లో పని అయిపోతుంది. అయితే రైతు కంటికి అది స్ప్రేయరే గానీ, చట్టం దృష్టిలో విమానం. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ దానికి వర్తిస్తాయి.

పిచికారీ డ్రోన్లు చాలావరకు 2 నుంచి 25 కిలోల 'స్మాల్' తరగతివి. ట్యాంకులో మందుతో కలిపి ఈ బరువు లెక్క. వీటికి రిజిస్ట్రేషన్ నంబరు (యూఐఎన్), థర్డ్ పార్టీ బీమా ఉండాలి. నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. దానికి వయసు 18–65 మధ్య ఉండాలి, పదో తరగతి పాసవ్వాలి, డీజీసీఏ ఆమోదించిన సంస్థలో శిక్షణ పొందాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. గుంటూరు దగ్గర లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ శిక్షణ ఇస్తోంది.

గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ ఎగరేసే ప్రతిసారీ డిజిటల్ స్కై మ్యాప్ చూడాల్సిందే. వాయుసేన స్థావరం ఉన్న సూర్యలంక చుట్టుపక్కల వాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

అసలు చిక్కు గాలితో వస్తుంది. చేతిపంపుతో ఎకరాకు వంద లీటర్లకు పైగా నీళ్లు పడితే, డ్రోన్‌కు పది లీటర్లలోపే సరిపోతుంది. అంటే మందు అంత చిక్కగా ఉంటుంది. ఆ తుంపర గట్టు దాటితే పక్క చేనుకే కాదు, అక్కడ కాయలు కోస్తున్న కూలీలకూ ముప్పే. మొక్కజొన్నలో కలుపుకి కొట్టిన 2,4-డి కొంచెం పత్తి మీద పడ్డా ఆకులు ముడుచుకుపోతాయి. ఈ భయంతోనే యూరప్‌లో గాల్లోంచి పురుగుమందు చల్లడం మామూలుగా నిషేధం, మినహాయింపులు కొద్ది. అక్కడ తేలిక నిబంధనలుండే 'ఓపెన్' తరగతి డ్రోన్ కిందికి ఏదీ జారవిడవకూడదు. పిచికారీ చేయాలంటే పై తరగతిలో అనుమతి తెచ్చుకోవాలి. మన దగ్గర అంత పట్టింపు లేదు కాబట్టి బరువంతా పైలట్ మీదే పడుతుంది.

ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా పైలట్ డిజిటల్ స్కై ద్వారా డీజీసీఏకు తెలపాలి. నిబంధనలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. రైతు కూడా బేరం కుదిరే ముందే యూఐఎన్, సర్టిఫికెట్, బీమా కాగితం చూపించమని అడగాలి. బీమా లేకుండా పక్కవాడి తోట మాడితే, అది ఊళ్లో పంచాయితీగా మారుతుంది. అప్పటికి డ్రోన్ తెచ్చినవాడు ఇంకో మండలంలో ఉంటాడు.