కిల్టు, పంచె, లుంగీ: ఇంటికేది, సభకేది?

ఈసారి సంచికలో మగవాళ్ళ బట్ట గురించి నాలుగు మాటలు రాస్తున్నాము. చీర గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పంచె, లుంగీ గురించి రాసేవాళ్ళు తక్కువ. చీర పెళ్ళిలోనూ ఉంది, ఆఫీసులోనూ ఉంది. పంచె మాత్రం పెళ్ళిపీటల దగ్గరే ఆగిపోయింది. లుంగీ గడప దాటడం లేదు.

పొద్దున్నే కుందలహళ్ళి గేటు దగ్గర నిలబడి చూడండి. కంపెనీలకు పోయే మగపిల్లలు మెట్రో నుంచి, బస్సుల నుంచి దిగి పోతూనే ఉంటారు. అందులో చీరాల, మంగళగిరి, ధర్మవరం వైపు నేత ఇళ్ళ బిడ్డలు కూడా ఉన్నారు. ఒక్కరి ఒంటిమీదా మన మగ్గం మీద నేసిన మగబట్ట కనబడదు. కాలం మారింది, ప్యాంటు సౌకర్యం, ఇంకేం చేస్తాం అంటారు. కానీ చుట్టుకునే బట్టను కాలంతో పాటు నిలబెట్టుకున్న వాళ్ళు కూడా లోకంలో ఉన్నారు. స్కాట్లాండు మగవాళ్ళు కట్టే కిల్టు సంగతే చూద్దాం.

చట్టం పెట్టి ఆపిన బట్ట

కిల్టు అంటే మోకాలి దాకా వచ్చే గళ్ళ ఉన్నిబట్ట. మొదట అది కుట్టిన బట్ట కాదు. మన పంచె లాగానే మగ్గం మీద నుంచి దిగిన పొడవాటి బట్టను కుచ్చిళ్ళు పోసి, నడుముకు పటకా బిగించి, మిగిలిన చెంగును భుజం మీద వేసుకునేవాళ్ళు. కొండ ప్రాంతపు రైతులు, పశువులు కాచేవాళ్ళు కట్టేది అదే. పగలు అది బట్ట, రాత్రి అదే దుప్పటి.

ఆ కొండవాళ్ళు బ్రిటన్ రాజు మీద తిరుగుబాటు చేసి 1746లో కల్లోడెన్ అనే చోట ఓడిపోయారు. ఆ ఏడే పార్లమెంటు చట్టం చేసి మగవాళ్ళు ఆ బట్ట కట్టడం నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు. రెండోసారి అయితే ఏడేళ్ళు సముద్రం అవతలికి పంపడం. రాజుగారి పటాలాల్లో చేరినవాళ్ళకు మాత్రం మినహాయింపు. 1782లో ఆ చట్టం తీసేశారు. అంటే 36 ఏళ్ళు. ఒక తరం మొత్తం ఆ బట్ట లేకుండానే పెరిగింది.

అయినా అది పోలేదు. సైన్యం వల్ల కొంత మిగిలింది. బానక్‌బర్న్ అనే ఊళ్ళో విల్సన్ అనే నేత కుటుంబం పటాలాలకు గళ్ళబట్ట సరఫరా చేస్తూ నేతను బతికించింది. తరువాత 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఏర్పాట్లన్నీ చూశాడు. రాజే కిల్టు కట్టి సభలో నిలబడ్డాడు. అంతే, పెద్దవాళ్ళంతా అదే కావాలన్నారు. పశువుల కాపరి బట్ట దర్బారు బట్ట అయిపోయింది. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ వరస అని ఇవాళ చెప్పుకునే పద్ధతి కూడా ఎక్కువగా ఆ శతాబ్దంలో స్థిరపడినదే. పాత బట్టకు కొత్త గౌరవం తెచ్చిపెట్టుకున్నారన్నమాట.

ఇవాళ వాళ్ళకు లెక్క స్పష్టంగా ఉంది. సాయంత్రం విందుకు, పెళ్ళికి అయితే 8 గజాల దాకా పట్టే బరువు కిల్టు, పైన నల్ల పొట్టి కోటు, ముందర బొచ్చుతో చేసిన సంచి. పగటి సభకు ముతక ఉన్ని కోటు. ఆటకు, షికారుకు అయితే తక్కువ గజాల తేలిక కిల్టు, మామూలు చొక్కా, తోలు సంచి, బూట్లు. బట్ట ఒకటే, సందర్భాన్ని బట్టి తోడు మారుతుంది. ఈ ఒక్క సూత్రం మనం పట్టుకోవాలి.

మన గళ్ళు, వాళ్ళ గళ్ళు

స్కాట్ పటాలాలు మన గడ్డ మీదికి కూడా వచ్చాయి. 1791లో కార్న్‌వాలిస్ బెంగుళూరు కోట పట్టినప్పుడూ, 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడూ ఆ సైన్యాల్లో హైలాండర్లు ఉన్నారు. వాళ్ళ గళ్ళు చూసే మనవాళ్ళు మద్రాసు గళ్ళు నేర్చుకున్నారని ఒక కథ చెబుతుంటారు. అది సరికాదు. అంతకు ముందే, కుంపిణీ తొలి రోజుల్లోనే, మన తీరం గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి పోయాయి.

అయితే నేతలో పోలిక ఉంది. లుంగీ గళ్ళకు పడుగులో ఎరుపు ఎన్ని పోగులు, నీలం ఎన్ని పోగులు అని లెక్క వేస్తాం. పేకలోనూ అదే వరస నడుపుతాం. కిల్టు గళ్ళూ అంతే. వాళ్ళది ఉన్ని, ఏటవాలు గీత పడే నేత. మనది నూలు, సాదా నేత. ఆ లెక్క తెలిసిన చెయ్యి ఏ దేశంలో ఉన్నా నేతగాడి చెయ్యే.

మన మగబట్ట కూడా తక్కువ దూరం పోలేదు. చీరాల ప్రాంతం గళ్ళబట్ట మద్రాసు రుమాలు పేరుతో పశ్చిమ ఆఫ్రికా చేరింది. నైజీరియాలో కలాబరి అనే జాతివాళ్ళు దాన్ని నడుముకు చుట్టుకుని పండుగలకు, చావులకు, పెద్ద సభలకు పోతారు. మనం ఇంట్లో కట్టే రకం వాళ్ళకు మర్యాద బట్ట. నూనెలో నూలు పదును పెట్టి నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు పోయాయి. ఇక్కడ అవే బట్టలను పల్లెకారులు లుంగీగా, తలగుడ్డగా వాడారు. కోరంగి రేవు నుంచి మనవాళ్ళు కూలికి రంగూను పోయారు. ఆ బర్మాలో మగవాళ్ళు ఇప్పటికీ లుంగీ కట్టుకునే ఆఫీసుకు పోతారు, పైన పొట్టి కోటు వేసుకుని పెళ్ళికి పోతారు. కాబట్టి లుంగీలో తక్కువతనం ఏమీ లేదు. మనం చూసే చూపులో ఉంది.

గేటు దగ్గర ఆపిన పంచె

మనకు పంచె కట్టొద్దని ఎవరూ చట్టం చేయలేదు. అయినా ఆపారు. 2014లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరిని పంచె కట్టారని ఒక క్రికెట్ క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఆ ఏడే తమిళనాడు శాసనసభ అలా ఆపడం నేరమని చట్టం చేసింది. మన బెంగుళూరులో 2024 జూలైలో మాగడి రోడ్డులోని ఒక మాల్‌కు హావేరి జిల్లా రైతు కొడుకుతో సినిమాకు వస్తే, పంచె కట్టాడని గేటు దగ్గర నిలబెట్టారు. జనం తిరగబడ్డారు. ప్రభుత్వం ఆ మాల్‌ను వారం రోజులు మూయించింది. కన్నడంవాళ్ళు కూడా దాన్ని పంచె అనే అంటారు. అవమానం ఇద్దరిదీ.

ఇదే పంచెతో పీవీ నరసింహారావు గారు 1991లో దేశ ప్రధాని అయ్యారు. 2019 డిసెంబరులో అభిజిత్ బెనర్జీ గారు స్టాక్‌హోంలో నోబెల్ బహుమతి పంచె కట్టుకునే అందుకున్నారు, పైన నల్ల బంద్‌గలా కోటు. స్వీడన్ రాజుగారి ఎదుట పనికొచ్చిన బట్ట మాల్ గేటు దగ్గర పనికిరాకుండా పోతుందా?

ఏది ఎప్పుడు, ఎలా కట్టాలి

పెళ్ళి, గృహప్రవేశం, పూజ ఉంటే 8 మూరలకు తగ్గని పంచె తీసుకోండి. గోచీ పోసి కట్టడానికి అంత కావాలి. 80, 100 నంబరు నూలుదైతే సన్నగా, ఒంటికి హాయిగా ఉంటుంది. మంగళగిరి నిజాం అంచు, పొందూరు ఖాదీ, జరీ అంచు వెంకటగిరి, ఏదైనా సరే. అంచు పెద్దదైతే చొక్కా సాదాగా ఉండాలి. కండువా పంచె అంచుకు జతపడాలి. గంజి పలచగా పెట్టండి, మరీ అట్టముక్కలా నిలబడితే కుచ్చిళ్ళు కుదరవు. అంచు మడమ దాకా రావాలి, నేలకు తగలకూడదు.

ఆఫీసులో పండుగ జరిపినా, సభలో సన్మానం ఉన్నా అడ్డపంచె, పైన ముదురురంగు కోటు లేదా లాల్చీ చాలు. నడుముకు పటకా పెట్టుకుంటే జారుతుందనే భయం ఉండదు. వెల్క్రో అతికించిన పంచె తప్పని మేము అనము, కొత్తగా కట్టేవాళ్ళకు అది మెట్టు. అదే రకం చేనేత బట్టతో కుట్టించుకుంటే మనకు పని దొరుకుతుంది.

ఇంటికి, సాయంత్రం చెరువు గట్టు మీద నడకకు, కూరగాయలకు పోవడానికి గళ్ళ లుంగీ. రెండు మీటర్లుంటే సరిపోతుంది. 40, 60 నంబరు నూలు బాగా మన్నుతుంది. కొనేముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది రంగు అంటుతుందేమో చూడండి. మొదటి ఉతుకు విడిగా వేయండి. పనిలో ఎగ్గట్టుకోవచ్చు, పెద్దవాళ్ళు ఎదురైతే దించుకోవడం మన మర్యాద.

చేనేతదా కాదా అని అనుమానం వస్తే చేనేత మార్కు చూడండి. బట్ట రెండు పక్కల చివరన వరసగా సూది బెజ్జాలు కనబడతాయేమో కూడా చూడండి. మగ్గం మీద బట్టను సాగదీసి పట్టే కర్ర మొనలు గుచ్చుకున్న గుర్తులవి.

ఎందుకింత చెబుతున్నామంటే

1985లో పార్లమెంటు కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. పంచె ఉంది, లుంగీ ఉంది. కాగితం మీద మన హక్కు అలాగే ఉంది. కానీ 2009-10 లెక్కల్లో దేశంలో 43.31 లక్షల మంది చేనేత పనివాళ్ళుంటే, 2019-20 నాటికి 35.22 లక్షలకు దిగింది. పదేళ్ళలో ఎనిమిది లక్షల మంది తగ్గారు. మా సంఘంలోనూ పంచెల మగ్గాలు ఒక్కొక్కటే చీరలకు మారాయి. పంచె నేసే చెయ్యి ఆగితే ఆ పని మళ్ళీ నేర్పేవాళ్ళు దొరకరు.

స్కాట్లాండులో చట్టం నిషేధించినా బట్ట మిగిలింది, ఎందుకంటే కట్టేవాళ్ళు మిగిలారు. మనకు చట్టం తోడుగా ఉన్నా బట్ట తగ్గుతోంది, ఎందుకంటే కట్టేవాళ్ళు తగ్గారు. నేసేవాడి ఇంట్లోనే కట్టకపోతే కొనేవాడు ఎందుకు కడతాడు?

అందుకని మన సమాఖ్య కుటుంబాలకు ఒక్క మనవి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం నాడు ఇంట్లోని ప్రతి మగవాడూ, కంపెనీకి పోయే పిల్లవాడితో సహా, చేనేత పంచె కట్టుకునే బయటికి రండి. తాతలు మనవళ్ళకు గోచీ పోయడం నేర్పండి. ఏడాదికి ఇంటికి ఒక పంచెల జత, రెండు లుంగీలు చేనేతవే కొనండి. కుందలహళ్ళి గేటు దగ్గర పది పంచెలు కనబడితే, ఊళ్ళో ఒక మగ్గం ఆడుతుంది.