తీగ కనిపిస్తూనే ఉంది

మూడో గంట మోగింది. రవీంద్రభారతిలో దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. సాంబ్రాణి పొగ తెర కింది నుంచి ముందు వరుసల దాకా పాకింది. వేదిక పక్కన హార్మోనియం ముందు కూర్చున్నాయన ఒక మెట్టు నొక్కి చూసుకొని తబలా ఆయనకు తల ఊపాడు. మన పక్క సీట్లో చిన్నాయన మాత్రం సణుగుడు ఆపలేదు.

"గీ కాలంల నాటకం ఎవడు జూస్తడు బిడ్డా? ఫోన్ల సినిమా ఊకెనే వస్తుంటే."

నకిరేకల్‌లో బస్సెక్కినప్పటి నుంచి ఇదే పాట. చిట్యాల దాటింది, చౌటుప్పల్ దాటింది, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి లకడీకాపూల్‌లో దిగాం. అయినా అదే మాట. నిమ్మతోటకు నీళ్లు పెట్టే రోజు పోయిందని ఆయన కడుపుమంట. అలాగని ఆయన మాట తీసిపారేసేది కాదు. నకిరేకల్ నుంచి ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన నర్రా రాఘవరెడ్డి స్వయంగా గొల్లసుద్దులు చెప్పిన కళాకారుడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పాట, ఎత్తిపొడుపు. వాటితోనే సభ నిలబడేది. అవి విని పెరిగిన చెవి చిన్నాయనది. పాట కుదరకపోతే జనం తుండు దులుపుకొని లేచిపోతారని ఆయనకు బాగా తెలుసు.

తెర లేచింది. సురభి నాటక సమాజం వాళ్ల మాయాబజార్.

ముందు కనిపించేది రంగులు. నున్నగా, గాఢంగా, ఏ మాత్రం మొహమాటం లేని రంగులు. గుడ్డ మీద గీసిన ద్వారక స్తంభాలు గాలికి కొంచెం ఊగుతున్నాయి. ఒక తెర పైకి చుట్టుకుపోతుంటే దాని వెనక మరొకటి సిద్ధంగా ఉంది. రాజసభ పోయి ఉద్యానవనం వచ్చేసరికి మనం రెప్ప వేసి ఉంటామేమో, అంతే. మబ్బుల మీద నారదుడు దిగుతున్నాడు. మబ్బు ఒకవైపు కొంచెం వాలింది. నారదుడు వాలనివ్వలేదు, రాగం తప్పలేదు.

"తీగ కనవడుతుంది," అన్నాడు చిన్నాయన, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

కనిపిస్తుంది. అందరికీ కనిపిస్తుంది. మన ముందు వరుసలో పిల్ల కుర్చీ మీద నిలబడి ఆ తీగ ఎక్కడి దాకా పోతుందో వెతుకుతోంది.

ఎవడు చూస్తాడు అన్న మాట ఈ సురభి వాళ్లకు కొత్త కాదు. వీళ్ల పెద్దలు తోలుబొమ్మలు ఆడించినవాళ్లు. 1885లో వనారస గోవిందరావు కుటుంబం బొమ్మలు పక్కనబెట్టి, తామే మొహాలకు రంగు పూసుకొని కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడింది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలో వీళ్ల ఇంటి ఆడవాళ్లు వేదిక ఎక్కారు. సంతానం పెరిగిన కొద్దీ సమాజాలు పెరిగి ముప్పై దాటాయి. ఆ తర్వాత టాకీ వచ్చింది. నాటకం పనైపోయిందన్నారు. తమాషా ఏమిటంటే, ఆ తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు లీలావతి దొరికింది సురభిలోనే. ఆమె సురభి కమలాబాయి. వాళ్లమ్మ వేషంలో ఉండగా రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు.

నాటకం పనైపోయిందన్నవాళ్ల మాట పూర్తిగా తప్పిందని కూడా చెప్పలేం. ముప్పైకి పైబడిన సమాజాల్లో ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊరూరా డేరా వేసి నెలల తరబడి ఆడే కాలం పోయింది. టీవీ ఇంటింటికీ చేరిన 90లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వీళ్లతో 'భీష్మ' చేయించారు, బ్రెక్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. మంచి పని, పేరు తెచ్చిన పని. కానీ ఈ రాత్రి ఇంతమంది వచ్చింది యాదమ్మ కోసం కాదు, ఘటోత్కచుడి కోసం.

అడుగో వచ్చాడు. గద, గుండ్రటి పొట్ట, నవ్వు. హార్మోనియం ఒక్కసారిగా హెచ్చు శ్రుతికి ఎగబాకింది. అభిమన్యుడు ఇటు, రాక్షసుడు అటు. వదిలిన బాణాలు రెండూ గాలిలో ఎదురెదురుగా పోయి సరిగ్గా నడిమధ్య ఢీకొని చిటచిటమని నిప్పులు రాల్చాయి. మందు వాసన మన దాకా వచ్చింది. వెనక బాల్కనీలో ఈల పడింది.

చిన్నాయన సణుగుడు ఎక్కడ ఆగిందో గమనించలేదు. ఇప్పుడాయన ముందుకు వంగి కూర్చున్నాడు.

పెళ్లి విందు. ఘటోత్కచుడు పళ్లేల ముందు చతికిలబడ్డాడు. ఒక లడ్డు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలి, పళ్లెం వదిలి, గాలిలో తేలుతూ వెళ్లి నోట్లో పడింది. ఇంకొకటి. ఇంకొకటి. హాలంతా పిల్లల కేక.

ఈ విందు చూడనివాళ్లు ఇక్కడెవరున్నారు? 1957లో కె.వి. రెడ్డి సినిమాగా తీశాడు, మార్కస్ బార్ట్లే కెమెరా దాని కిటుకు కనపడకుండా దాచేసింది. ఎస్వీఆర్ తిన్నది మనింట్లో తిన్నట్టే గుర్తు. నాటకాన్ని మింగేస్తుందన్న సినిమాయే నాటకానికి చాటింపు వేసి పెట్టిందన్నమాట. కథ తెలుసు, తర్వాత ఏమవుతుందో తెలుసు. ఇంతమందిమీ టికెట్ కొన్నది, కెమెరా లేకుండా మన కళ్ల ముందు ఎలా చేస్తారో చూద్దామని. తీగ కనిపించడం వల్ల ఆట చెడలేదు. ఆ చివర ఎవరో ఒక మనిషి చెయ్యి ఉందని, అది తడబడితే లడ్డు నేల మీద పడుతుందని తెలిసే చూస్తున్నాం. అందుకే అది నోట్లో పడ్డప్పుడల్లా చప్పట్లు. కిటుకు కనపడకుండా పరదాలు కట్టుకొని నవనాగరికంగా మారి ఉంటే వీళ్లు ఎప్పుడో మాయమయ్యేవాళ్లని నా అనుమానం.

జోస్యాలు తప్పడం ఒక్క మన దగ్గరే కాదు. 1985 అక్టోబరులో లండన్‌లో 'లే మిజరాబ్ల్' సంగీత నాటకం మొదలైనప్పుడు పత్రికల విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. జనం టికెట్ల కోసం బారులు తీరారు. దశాబ్దాలు ఆడింది.

మంగళం పాడి తెర దించారు. చిన్నాయన గుమ్మం వైపు కాకుండా వేదిక మెట్ల వైపు నడిచాడు. మనమూ వెనకే. లోపల శశిరేఖ నగలు విప్పి డబ్బాలో పెడుతోంది, ఒక కౌరవుడు దీపాల వైర్లు చుడుతున్నాడు. ఘటోత్కచుడు మీసం తీసి నీళ్లు తాగుతున్నాడు. తెర మడుస్తున్న పెద్దాయన దగ్గర ఆగాడు చిన్నాయన.

"మా నకిరేకల్‌కు వస్తరా?"

"ఎందుకు రామండీ. పిలిస్తే వస్తాం."

"ఏమేం గావాలె?"

"కరెంటు ఆగకుండా ఉండాలి. అన్నిటికన్నా ముందు ఎత్తు కావాలండి. తెరలు పైకి పోవాలి, నారదుడు దిగాలి. కప్పు తక్కువైతే తీగలు పని చెయ్యవు."

చిన్నాయన తల పైకెత్తి ఆ చీకట్లో వేలాడుతున్న కప్పీలను కాసేపు చూశాడు. ఫోను తీసి ఊళ్లో ఎవరికో కలిపాడు.

"అరే, మన మార్కెట్ల షెడ్డున్నది గదా, దాని ఎత్తెంతుంటదిరా? ఊకె అడుగుతలేను, పొద్దుగాల్ల టేపు వట్టుకపోయి కొలువు."