బాట వేడి - దాని లెక్క



వైశాఖమాసపు మధ్యాహ్నమున హైదరాబాదు నగరమునందలి తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల వైపు కాలినడకన పోవువారికి ఒక చిన్న వింత అనుభవమునకు వచ్చును. చెట్ల నీడ గలచోట బాట గట్టిగా నుండును. నీడ దాటి ఎండలో అడుగిడినంతనే చెప్పులు తారునకు అంటుకొనును. గాలి రెండు చోట్లను ఒక్కటియే. బాటయు ఒక్కటియే. బాటలోని వేడి మాత్రము వేరు. ఈ వేడిని లెక్కకు తెచ్చుటకు మానవునికి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను, దానివలన మన పల్లెబాటలకు కలుగు మేలును మనవి చేయుటయే నా ఉద్దేశము.

ముందుగా పేరు సంగతి. తార్నాకలోని 'తారు' మనము బాటపై పోయు తారు కాదు. ఉర్దూ భాషలో 'తార్' అనగా తీగ; 'నాకా' అనగా కావలి చౌకి. నిజాముల కాలమున అచ్చట ఒక ప్రభువుగారి మామిడితోటకు ముండ్లతీగ కంచెయు, కావలియు ఉండుటచే ఆ పేరు కలిగెనని చెప్పుదురు. బాటపై పోయునది కూడ నేడు నిజమైన తారు కాదు. తారు రాక్షసిబొగ్గునుండి పుట్టునది. నేడు వాడుచున్నది ముడి పెట్రోలియమును కాచి, తేలికయగు నూనెలను తీసివేయగా అడుగున మిగులు బిటుమెను. మన వైద్యగ్రంథములలో శిలాజతువను పదార్థము కలదు. జతువనగా లక్క. గ్రీష్మతాపమునకు కొండరాళ్లనుండి స్రవించునది గావున దానికాపేరు. బిటుమెను శిలాజతువు కాకపోయినను, దాని స్వభావము లక్క స్వభావమే: చలికి పెళుసు, వేడికి మెత్తన. భారతములోని జతుగృహపు కథ నెరిగినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఇట్టి పదార్థమును నమ్మి బాట వేయువాడు, అది ఎంత వేడికి ఎంత మెత్తబడునో ముందే తెలిసికొనవలెను. అందులకై పూర్వులు సూదిపరీక్ష నేర్పరచిరి. గిన్నెలో బిటుమెనును పోసి, 25 డిగ్రీల వేడిలో నుంచి, 100 గ్రాముల బరువుతో ఒక సూదిని అయిదు సెకండ్లపాటు దిగనిత్తురు. అది ఎంత లోతు దిగెనో మిల్లీమీటరులో పదవ వంతుల లెక్కను చెప్పుదురు. 80/100 రకమనగా సూది ఎనిమిదినుండి పది మిల్లీమీటర్లు దిగునని అర్థము.

మన దేశమున మోటారుబండ్లు పెరిగి మట్టిబాటలు, కంకరబాటలు చెడిపోవుచుండగా 1927లో జయకరు గారి అధ్యక్షతన రోడ్ల విచారణ సంఘ మేర్పడినది. దాని సిఫారసులపై 1929లో కేంద్ర రోడ్డునిధియు, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసును వెలసినవి. మనము చెప్పుకొనుచున్న విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు కళాశాల ఆరంభమైనదియు 1929లోనే. ఆర్ట్సు కళాశాలకు శంకుస్థాపన జరిగినది 1934 జూలై 5వ తేదీన. ఆ రాతిసౌధము ప్రారంభింపబడినది 1939 డిసెంబరు 4వ తేదీన. ఆనాడు మొదలుకొని బహుకాలము మన బాటల బిటుమెనుకు సూదిపరీక్షయే ప్రమాణము.

ఇందులోని లోపము ఒక్కటి. పరీక్ష 25 డిగ్రీలలో. బాట బ్రదుకు ఎండలో. హైదరాబాదు వాతావరణపు పట్టీలో 1946 జనవరి 8వ తేదీన వేడి 6.1 డిగ్రీలకు దిగినది. 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీల కెక్కినది. ఇదియంతయు నీడలో కొలిచిన గాలివేడి. నల్లని బాట ఎండను మ్రింగి దీనికంటె ఎంతయో ఎక్కువగా కాగును. 25 డిగ్రీలలో ఒక్కతీరుననే సూదికి లొంగు రెండు బిటుమెనులు, 60 డిగ్రీలలో ఒకటి గట్టిగాను, ఒకటి పలుచగాను ఉండవచ్చును. చల్లనివేళ పరీక్షలో నెగ్గిన సరకు మండుటెండలో ఓడిపోయినచో, తప్పు సరకుది మాత్రమే కాదు. కొలిచిన చోటిది కూడను.

మరి బాటలోని వేడిని ఎట్లు తెలిసికొనుట? ప్రతి బాటను త్రవ్వి థర్మామీటరు పెట్టుట సాధ్యము గాదు గదా! ఇచ్చటనే గణితము తోడ్పడినది. ఫ్రాన్సు దేశీయుడగు ఫూరియే అను పండితుడు 1822లో ప్రకటించిన గ్రంథమున, వేడి ఘనపదార్థములలో ఎట్లు ప్రాకునో సమీకరణముతో నిరూపించెను. దాని సారము మన ఇండ్లలోనే కలదు. పగలంతయు కాగిన మిద్దె, ప్రొద్దు క్రుంకిన పిమ్మటగాని లోపలివారిని ఉక్కపోతతో బాధింపదు. వేడి లోనికి దిగుటకు కాలము పట్టును. దిగినకొలది బలము తగ్గును. తారుబాటలోను అంతియే. పైతలమున పగటికిని రాత్రికిని గల వేడి హెచ్చుతగ్గులు, సుమారు అయిదారంగుళముల లోతున మూడింట ఒక వంతునకు కొంచెము పైగా మాత్రమే మిగులును. అవి అచ్చటికి చేరుట కించుమించు నాలుగు గంటల ఆలస్యమగును.

ఈ సూత్రమును బాటకు అన్వయించినవాడు బార్బరు అను అమెరికా ఇంజనీరు. గాలివేడి, ఎండబలము, గాలివేగము - వాతావరణపు కచేరీవారు ప్రకటించు ఈ అంకెలనుండియే బాట పొందు గరిష్ఠపు వేడిని లెక్కకట్టు విధమును ఆయన 1957లో తెలిపెను. ఇట్టి లెక్కను గణిత ప్రతిరూపమందురు. పంచాంగకర్త ఆకాశమున కెగయకయే గ్రహణవేళను చెప్పునట్లు, ఇంజనీరు బాటను త్రవ్వకయే దాని వేడిని చెప్పగలుగుట దీని ఫలము. పిదప 1987నుండి 1993వరకు అమెరికాలో జరిగిన పెద్ద రోడ్డు పరిశోధనలో, గాలివేడిని అక్షాంశముతో కూర్చి, రెండు సెంటీమీటర్ల లోతున బాట వేడిని తెలుపు సులభసూత్రము నేర్పరచిరి. బిటుమెనును ఆ వేడికి తగిన తరగతులుగా విభజించిరి.

ఇంజనీరింగు చదువుచున్న మా మనుమడు ఆ సూత్రమును తార్నాకకు వేసి చూపెను. "తాతయ్యా, మన అక్షాంశము 17.4. వరుసగా ఏడు దినముల గరిష్ఠపు వేడి సగటున 42 డిగ్రీలని పెట్టుకొందము" అని లెక్కించెను. వచ్చిన జవాబు అరువదినాలుగున్నర డిగ్రీలు! గాలికంటె బాట ఇరువదిరెండున్నర డిగ్రీలు అధికము. పరదేశమున పుట్టిన సూత్రము మన గాలివానలకు అక్షరాల సరిపోవునని నేననను. కాని 25 డిగ్రీల పరీక్ష మనకెంత దూరమో దీనివలన తెలియుచున్నది.

మన దేశము ఈ సంగతిని గ్రహించి 2006లో ప్రమాణమును మార్చినది. సూది లోతునకు మారుగా, 60 డిగ్రీల వేడిలో బిటుమెను ఎంత చిక్కగా నుండునో దానిని బట్టి వీజీ 10, 20, 30, 40 అను తరగతులు వచ్చినవి. అంకె పెరిగినకొలది చిక్కదన మెక్కువ. 2013 నాటి ప్రమాణము ప్రకారము, ఏడు దినముల గరిష్ఠపు గాలివేడి సగటు 38నుండి 45 డిగ్రీల వరకు గల ప్రాంతములకు వీజీ 30, అంతకు మించినచోట్ల వీజీ 40 తగును. దీనిని బట్టి తార్నాకకు వీజీ 30 తగునని వేరుగ చెప్పనేల?

కొందరు పెద్దలు నన్నడిగిరి: "వీజీ 30 మెత్తబడు వేడి 47 డిగ్రీలకు తగ్గరాదని మాత్రమే నియమము గదా, బాట అరువది దాటినప్పుడు అది కరిగి పారదేమి?" అని. మంచి ప్రశ్న. బరువును మోయునది బిటుమెను కాదు, కంకర. బిటుమెను కంకరను పట్టియుంచు జిగురు మాత్రమే. కంకర పెద్దదియు చిన్నదియు తగుపాళ్లలో కలిసి, రోలరు క్రింద ఒదిగి యున్నచో, జిగురు కొంత మెత్తబడినను బాట నిలుచును. కంకర ఒదుగనిచో, బండ్లు ఆగి నిలుచు తావులలో బాట క్రుంగి గాడి పడును.

ఇచ్చటనే వేడి రెండవమారు మన బాట భాగ్యమును నిర్ణయించును. మా ఊరి బాట వేసిననాడు నేను చూచుచునే యుంటిని. మార్గశిరపు తెల్లవారుజామున, దూరమునుండి లారీలో వచ్చిన మిశ్రమమునకు పొగయే లేదు. రోలరు ఎన్ని మారులు తిరిగినను కంకర కదలలేదు. రెండవ వేసవి రాకమునుపే బస్సు నిలుచు చోట గాడి పడినది. తరువాతి వానకు గుంట యైనది. ఒక రాత్రి ఆ గుంటలో సైకిలు పడి, నా శిష్యుడొకనికి చేయి విరిగినది. ఆనాడు నేను నోరు తెరచి అడుగనైతిని. అడుగవలసినదేమో నాకే తెలియదు. పాఠము చెప్పువానికి ఇంతకంటె సిగ్గు వేరొకటి యుండునా?

ఇప్పుడు తెలిసినది గావున చెప్పుచున్నాను. వీజీ 30తో చేసిన మిశ్రమము పరచునప్పుడు 140 డిగ్రీలకు తగ్గరాదు. రోలరు పని ముగియునప్పటికి 90 డిగ్రీలకు తగ్గరాదు. పలుచని పొర చలిగాలికి నిమిషములలో చల్లారును. కావున మీ ఊరికి బాట వచ్చినప్పుడు రెండే ప్రశ్నలడుగుడు: "అయ్యా, ఇది ఏ తరగతి? మీ థర్మామీటరు ఏది?" అని. దానిని మిశ్రమములో గ్రుచ్చి చూపుమని మర్యాదగా కోరుడు. పనివారితో తగవు అక్కరలేదు. అంకె కనబడిన చాలును.

ఫూరియే సమీకరణము పల్లెకు రానక్కరలేదు. కాని ఆ సమీకరణము నేర్పిన నీతి రావలెను: ఏ వస్తువును పరీక్షింపదలచినను, అది బ్రదుకు చోటనే పరీక్షింపవలెను. బాటకును అంతియే, మనుష్యునకును అంతియే.