ముసుగు, సాక్ష్యం, న్యాయస్థానం: ఘోషా స్త్రీల చరిత్ర నుంచి ఒక పరిశీలన

ముఖాన్ని కప్పే నిఖాబ్ ధరించి ముస్లిం స్త్రీ కోర్టులో సాక్ష్యం చెప్పవచ్చునా? గత ఇరవై ఏళ్లలో న్యూజిలాండ్, కెనడా, బ్రిటన్ న్యాయస్థానాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. ఆ చర్చలు చదివితే ఇది వలసల వల్ల పాశ్చాత్య దేశాలలో తలెత్తిన కొత్త సమస్య అనిపిస్తుంది. కాని ఆంగ్లేయ న్యాయపద్ధతికి పర్దా ఎదురుపడింది మొదట భారతదేశంలో. అప్పుడు వేసుకున్న ప్రశ్న వేరు, చెప్పుకున్న సమాధానం వేరు. ఆ పాత చరిత్ర తెలిస్తే నేటి తీర్పులలో ఏది కొత్తదో, ఏది కాదో విద్యార్థులు తేల్చుకోగలుగుతారు.

కోర్టుకు రానక్కరలేని స్త్రీలు

పర్దాను తెలుగువారు ఘోషా అన్నారు. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని నేటికీ ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. ఘోషా ముస్లిం కుటుంబాలకే పరిమితం కాదు. జమీందారీ కుటుంబాలలోను, క్షత్రియ, వెలమ వంటి కులాల సంపన్న గృహాలలోను పాటించారు. ఈ విషయాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే బ్రిటిష్ ఇండియా చట్టం ఈ స్త్రీలకు ఇచ్చిన మినహాయింపులో మతం పేరు ఎక్కడా లేదు.

1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఆ మినహాయింపు కనిపిస్తుంది. దేశాచారం ప్రకారం బహిరంగంగా కనిపించమని బలవంతం చేయరాని స్త్రీలు స్వయంగా కోర్టుకు హాజరు కానవసరం లేదని దాని సారాంశం. 1908 కోడ్‌లో ఇది 132వ సెక్షన్ అయింది. అలాంటి స్త్రీ సాక్ష్యం అవసరమైతే కోర్టు ఒక కమిషనర్‌ను ఆమె ఇంటికి పంపుతుంది. ఆమె తెర వెనుక కూర్చుని చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. పల్లకీలో వచ్చి, అందులో నుంచే జవాబు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. దస్తావేజు రిజిస్ట్రేషన్‌కు కూడా ఆమె కార్యాలయానికి వెళ్లనక్కరలేదు, అధికారే ఇంటికి రావాలి. జప్తుకు వచ్చిన అమీనా ఆమె ఉన్న గదిలోకి నేరుగా పోకూడదు. ఆమె తప్పుకొనేందుకు ముందుగా తెలియజేసి, తగిన వ్యవధి ఇవ్వాలి.

ఇది ఉదారంగా కనిపించే ఏర్పాటు. కాని ఎవరి కోసం? పొలంలో కూలికి వెళ్లే ముస్లిం స్త్రీకి, నేతపని చేసే ఇంటి ఆడమనిషికి, బజారులో కూరగాయలు అమ్ముకొనే ఆమెకు ఈ సెక్షన్ వర్తించలేదు. వారు రోజూ నలుగురిలో కనిపించేవారే కాబట్టి ‘ఆచారం’ వారిది కాదని అర్థం. ఈ మినహాయింపు పుట్టుక మతస్వేచ్ఛలో కంటే అంతస్తులోనే ఉందని నా అభిప్రాయం.

తెర వెనుక సంతకాలు

కోర్టుకు రానక్కరలేదన్న సౌకర్యానికి రెండో పార్శ్వం ఉంది. తెర వెనుక ఉన్న స్త్రీకి లెక్కలు చూపేవాడు గుమాస్తా, లేదా మరిది, లేదా భర్త. వారు చెప్పినచోట ఆమె సంతకమో, నిశానీయో పెట్టేది. అందులో ఏముందో చదివి చెప్పే నాథుడు లేడు. పందొమ్మిదో శతాబ్దపు సివిల్ వ్యాజ్యాలలో పర్దానషీన్ స్త్రీల దస్తావేజులు తరచు వివాదాంశమయ్యాయి.

1867లో ప్రివీ కౌన్సిల్ పరిష్కరించిన మున్షీ బుజ్లూర్ రహీమ్, షంసున్నిసా బేగంల వ్యాజ్యం వీటిలో ప్రసిద్ధమైనది. ధనవంతురాలైన బేగం తన కంపెనీ పత్రాలను భర్తకు అప్పగించింది. అవి తనవేనని భర్త అన్నాడు, కాదని ఆమె దావా వేసింది. పర్దాలో ఉన్న స్త్రీ ఆస్తి ఆమె చేతిలో నుంచి పోయినప్పుడు, ఆ వ్యవహారం న్యాయంగా జరిగిందని నిరూపించవలసిన భారం ఆస్తి పొందినవాడిదేనని న్యాయమూర్తులు నిర్ణయించారు. 1925లో ఫరీదున్నిసా కేసులో ఈ సూత్రం మరింత స్పష్టమైంది. కాగితం మీద ఆమె చెయ్యి కదిలితే చాలదు, ఆ పని ఆమె మనసుతో కూడా చేసినదై ఉండాలి. హిందూ పర్దానషీన్ స్త్రీలకూ ఈ సూత్రమే వర్తించింది.

ఎందరో స్త్రీల ఆస్తిని ఈ సూత్రం కాపాడింది. అయితే అదే సూత్రం పర్దాలోని స్త్రీకి లోకం తెలియదని ముందే అనుకుంటుంది. ఎస్టేటును స్వయంగా నడిపిన రాణులు, బేగంలు అప్పటికే ఉన్నా, పర్దానషీన్ అన్న మాటకు కోర్టు భాషలో అమాయకురాలు అన్న ఛాయ వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ కార్నీలియా సొరాబ్జీ ఈ లోపాన్ని దగ్గరగా చూశారు. మగ వకీలు అంతఃపురంలోకి వెళ్లలేడు, అంతఃపురంలోని స్త్రీ బయటికి రాదు. 1904లో ఆమె బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో సహాయకురాలిగా నియమితులై, పర్దాలోని వితంతువులను, మైనరు వారసులను స్వయంగా కలిసి వారి గోడు అధికారులకు చేరవేశారు. విచిత్రమేమంటే, అప్పటికి ఆమెకే వకీలుగా వాదించే అర్హత లేదు. స్త్రీలకు ఆ ద్వారం తెరిచిన చట్టం 1923లో గాని రాలేదు.

ముఖం చూడకపోతే మనిషిని ఎలా గుర్తించాలి? ఈ ప్రశ్న 1915లో పదారథ్ హల్వాయ్ కేసులో వచ్చింది. తనఖా పత్రం రాసిచ్చిన స్త్రీలు చిక్ వెనుక, అంటే సన్నని తడిక తెర వెనుక ఉన్నారు. సాక్షులకు వారి ముఖాలు కనబడలేదు. కాని గొంతులు పరిచయమైనవే, సంతకం చేసే చేతులు కనిపించాయి. అది చాలునని ప్రివీ కౌన్సిల్ అంగీకరించింది.

ఇస్లామిక్ ధర్మశాస్త్రం సైతం ఈ విషయంలో మౌనంగా లేదు. పన్నెండో శతాబ్దపు హనఫీ గ్రంథం హిదాయా, తీర్పు చెప్పే ఖాజీ, సాక్ష్యం చెప్పే సాక్షి అవసరమైతే స్త్రీ ముఖాన్ని చూడవచ్చునని అనుమతించింది. ఈ గ్రంథాన్ని 1791లో చార్లెస్ హామిల్టన్ ఆంగ్లంలోకి అనువదించాడు. కంపెనీ కోర్టులు దాన్ని వాడుకున్నాయి. కాబట్టి న్యాయస్థానంలో ముఖం చూపడమంటే మతాన్ని వదులుకోవడమే అన్న వాదనను గాని, ముసుగు గురించి ముస్లిం పండితులు ఎన్నడూ ఆలోచించలేదన్న వాదనను గాని చరిత్ర సమర్థించదు.

నేటి తీర్పులు

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. నాటి స్త్రీ కోర్టుకు రానన్నది. నేటి స్త్రీ కోర్టుకు వస్తానంటుంది, మాట్లాడతానంటుంది, ముసుగు మాత్రం తీయనంటుంది. కోర్టు అడిగేది కూడా మారింది. ఆమె ఎవరు అన్నది తేల్చడం తేలిక. ఒక మహిళా ఉద్యోగి పక్క గదిలో చూసి చెప్పవచ్చు. చెబుతున్నది నిజమా అన్నదే అసలు ప్రశ్న.

న్యూజిలాండ్‌లో 2005లో ఒక న్యాయమూర్తి మధ్యేమార్గం ఎంచుకున్నారు. సాక్షులు బుర్ఖా తీయాలి, కాని జడ్జికి, న్యాయవాదులకు, మహిళా సిబ్బందికి మాత్రమే ముఖం కనిపించేటట్లు తెరలు కట్టాలి. లండన్‌లో 2013లో న్యాయమూర్తి పీటర్ మర్ఫీ, ఒక ముద్దాయి విచారణ అంతటా నిఖాబ్ ధరించవచ్చునని, సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం తీయాలని ఆదేశించారు.

అన్నింటికన్నా బరువైనది 2012 నాటి కెనడా సుప్రీంకోర్టు తీర్పు. తనపై లైంగిక దాడి జరిగిందని ఫిర్యాదు చేసిన స్త్రీ నిఖాబ్‌తోనే సాక్ష్యం చెబుతానంది. నిందితులు ఆమె బంధువులే. ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు ఏ ఒక్క నియమమూ అన్ని కేసులకు చెల్లదన్నారు. నమ్మకం నిజాయితీగలదా, ముసుగు వల్ల విచారణకు తీవ్రమైన హాని ఉందా, వేరే ఏర్పాటు సాధ్యమా, తీయించడం వల్ల మేలెక్కువా కీడెక్కువా అని ప్రతి సందర్భంలోనూ తూచాలన్నారు. ఇద్దరు సాక్ష్యమిచ్చేటప్పుడు ముసుగు ఎన్నడూ కూడదన్నారు. జస్టిస్ రోసలీ అబెల్లా ఒక్కరే, గుర్తింపే వివాదమైతే తప్ప తీయించరాదన్నారు. తీయాలని పట్టుబడితే ఇలాంటి స్త్రీలు ఫిర్యాదు చేయడానికే రారన్నది ఆమె ఆందోళన. నిందితుడి వైపు చిక్కూ చిన్నది కాదు. జైలు పాలయ్యే మనిషి తనపై సాక్ష్యం చెప్పేవారి ముఖం చూడాలనుకోవడం అన్యాయమని ఎవరూ అనలేరు.

ఈ వాదనలన్నిటికీ ఆధారం, ముఖకవళికలు సత్యాన్ని పట్టిస్తాయన్న నమ్మకం. మన చట్టంలోనూ సాక్షి తీరును న్యాయాధికారి నమోదు చేయవచ్చునన్న నియమం ఉంది. కాని ముఖం చూసి అబద్ధం పసిగట్టడంలో మనుషులు అంత సమర్థులు కారని మనస్తత్వ పరిశోధనలు పదేపదే చూపాయి. చరిత్ర చెప్పేదీ తక్కువ కాదు. కమిషన్ ముందు ఘోషా స్త్రీ చెప్పిన మాటలను జిల్లా జడ్జి కాగితం మీదే చదివాడు. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఏ సాక్షి ముఖాన్నీ చూడలేదు. అయినా ఎస్టేట్ల భవితవ్యాలు తేల్చింది. సాక్ష్యంలోని పొంతన, కాలక్రమం, దస్తావేజులు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో జవాబులు నిలిచిన తీరు — వీటి మీదే ఆ తీర్పులు నిలబడ్డాయి. సివిల్ వివాదానికి, శిక్ష పడే క్రిమినల్ కేసుకు తేడా ఉంది కాబట్టి, నిందితుడి స్వేచ్ఛ పణంగా ఉన్నచోట న్యూజిలాండ్ పద్ధతి మేలని నాకు తోస్తుంది. మిగిలిన చోట్ల బలవంతం అవసరమేమిటో కారణం చూపవలసింది కోర్టే.

న్యాయవాది విషయం దీనికి భిన్నం. 2024 డిసెంబరులో జమ్మూ కశ్మీర్ హైకోర్టు, ముఖం కప్పుకొని వాదించేందుకు బార్ కౌన్సిల్ నియమాలు అనుమతించవని పేర్కొంది. అది వృత్తి దుస్తుల ప్రశ్న. ఆ వృత్తిని ఆమె కోరి ఎంచుకున్నది. సాక్షి అలా కాదు, సమన్లు అందుకొని వచ్చిన మనిషి.

132వ సెక్షన్ నేటికీ మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. బయటికి రాని స్త్రీకి అందులో రక్షణ ఉంది. ముసుగుతో స్వయంగా వచ్చి సాక్షి బోనులో నిలిచిన స్త్రీ గురించి మాత్రం ఆ సెక్షన్‌లో ఒక్క మాట కూడా లేదు.